ఆగిన గడియారం కింద పాట

పోలండ్‌లోని కషూబియాలో ఒక వంటింట్లో రికార్డు తిరగడం ఆగింది. అందులో పాడిన ముసలావిడ, ఆమె పాట రికార్డు చేసుకెళ్ళిన పియానో కళాకారుడు బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు.

"ఎలా ఉంది అవ్వా?"

"నా గొంతు వెనకాల ఆ బూర ఏమిటి నాయనా, ఈనే ఆవులా మూలుగుతోంది?"

"అది శాక్సఫోన్. జాజ్‌లో అంతే. తక్కిందంతా గ్దాన్స్క్ ఆర్కెస్ట్రా. మీ ఆయన బ్రూనో తాతగారేరి? ఆయనా వింటారు. చలికాలంలో నేనొచ్చిన రోజున పడుకునే ఉన్నారు."

"పడుకోక ఏం చేస్తాడు? నువ్వొచ్చిన రోజు తెల్లవారుజామునే ప్రాణం పోయింది."

"ఏమంటున్నారు?"

"అది శవం పక్కన పాడే పాట. మామూలప్పుడు పాడం."

"ఆయన పక్క గదిలో ఉంటే, నేనిక్కడ మైకు పెట్టానా? గడియారం ఆగి ఉంది, రికార్డులో టిక్కుటిక్కు పడదులే అని సంతోషించాను."

"మనిషి పోతే ఆపుతాం. అద్దానికి గుడ్డ కప్పాను, చూళ్ళేదా?"

"దుమ్ముకి అనుకున్నాను. ఆయన డబ్బాలోంచే మీరు నాకు ముక్కుపొడుం కూడా ఇచ్చారు. ఒక్క మాట చెబితే వెళ్ళిపోయేవాణ్ణి కదా అవ్వా."

"అందుకే చెప్పలేదు. మంచుకి దారి మూసుకుపోయి ఊళ్ళోవాళ్ళెవరూ రాలేదు. నువ్వొక్కడివే ఎలాగో నడిచొచ్చావు. ఆ పాట ఒంటరిగా పాడకూడదు. నువ్వు మెల్లగా గొంతు కలిపావు."

"ఆ గొంతు తీసేయించాను. మీ పాటకి అడ్డమని."

"వినపడకపోతే ఏమిటా అనుకున్నాను. బూర తీసేసి నీ గొంతు పెట్టు నాయనా. ఆ రోజు బ్రూనో దగ్గర ఉన్నది నువ్వు, బూర కాదు."