ఖాళీ చేసిన పోస్టు

2003లో శామీర్‌పేటలోని ఒక సేవాసంస్థ ఆఫీసు. విదేశీ వాలంటీర్లను పంపేవాళ్లు మర్నాడు పరిశీలనకు వస్తారనగా, కార్యదర్శి మహిళా సంఘాల పని చూసే యమునను పిలిచాడు.

“యమునా, రేపటి నుంచి నువ్వు ఉద్యోగంలో లేవమ్మా.”

“నేనేం తప్పు జేసిన సార్?”

“తప్పేం లేదు. ఇక్కడివాళ్లు చేస్తున్న పనికి వాళ్లు వాలంటీర్ని ఇవ్వరట. అందుకని నీ పోస్టు ఖాళీగా ఉందని రాశాను.”

“మీ పోస్టు రాయొచ్చు గద.”

“నేను చేసే పనేమిటని అడిగితే ఏం చెప్పను?”

“ఆ వాలంటీరమ్మ వచ్చినంక నేనేం జెయ్యాలె?”

“ఆవిడకి తెలుగు రాదుగా, పక్కనుండి నువ్వే చేసిపెట్టు. ఆవిడలాగే, జీతం లేకుండా.”

“మరి మా ఇల్లెట్ల నడుస్తది?”

“ముందు ఆవిణ్ణి రానీ. ఫారినర్ మా ఇంట్లోనే దిగుతుందని మా ఆవిడ కాలనీ అంతా చెప్పేసింది. ఆమె కోసం పైవాటాలో కమోడ్ కూడా పెట్టించాం.”

“రేపు వాళ్లకు ఊళ్లెవరు జూపిస్తరు?”

“నువ్వే. సంఘంలో సభ్యురాలిలాగా రా. మీ కష్టమేంటని అడిగితే చెప్పు.”

“చెప్త సార్. మా సంఘాలను మంచిగ జూసుకునే పిల్ల ఒకతి ఉండె, నిన్ననే తీసేసిండ్రు అని చెప్త.”

“కూర్చోమ్మా. టీ తాగుతావా?”