చెట్టు దగ్గరి వంపు

విశ్వవిద్యాలయం మైదానమంతా పొద్దున్నే మంచు పట్టింది. క్రీడాసామాన్ల దుకాణం నడిపే తమ్ముడూ, అక్కడే పరుగు నేర్పే అక్కా గ్యాలరీ మెట్ల మీద కూర్చున్నారు.

"అక్కా, కొత్త ట్రాక్‌కి ధర చెప్పమన్నారని నిన్న టేపు పట్టాను. పాతది కొలతకి తక్కువుంది. అప్పట్లో అదిగో, ఆ మూల చెట్టు కొట్టలేక ట్రాక్ వంపుని లోపలికి లాగేశారు."

"ఎంత తక్కువ?"

"నాలుగైదు అంగలు."

"అయితే నా రికార్డు తూకం తక్కువ సరుకన్నమాట."

"నవ్వకు. మధ్యాహ్నం కమిటీలో నీ మాటే తేలుస్తుంది. కొత్తది వేస్తే పాత రికార్డులన్నీ చెల్లవని కొట్టేస్తారు."

"చెట్టో?"

"ట్రాక్ ఇవతలికి జరిపితే దానికి ఢోకా లేదు. ఢోకా నీకే. వద్దని చెప్పెయ్."

"నీ బేరం పోతుంది కదరా."

"నాకు ఇంకో బేరం దొరుకుతుంది. రికార్డుల బోర్డు మీద నీ పేరుకి ఇంకో చోటు దొరకదు."

"రికార్డు పెట్టిన ఆ రోజూ ఇలాగే మంచు. కాళ్లు నేలకి తగులుతున్నట్టే లేదు. ఇంకా పరుగెత్తాలని ఉండగానే గీత వచ్చేసింది. ఇంత త్వరగానా అనుకున్నాను. ఇప్పటికీ కలలో ఆ గీత దాటి పోతూనే ఉంటాను."

"అయితే వద్దంటావుగా?"

"వెయ్యమంటాను."

"పిచ్చా అక్కా నీకు? బోర్డు తుడిచేస్తారు."

"తుడవనీరా. నేను పరుగెత్తని ఆ కాస్త దూరం ఎక్కడొస్తుందో చూపించు, పద."