పరాయి శవాలకు మా ముందు గది

“అమ్మమ్మా, ఎవరెవరి శవాలో తెచ్చి మనింట్లో ఎందుకు పెట్టుకుంటావు? మామయ్య ఎంత చెప్పినా వినవేంటి?”

ఎందుకంటే ఏం చెప్పనమ్మా. కూర్చో. అటు తొక్కబాక, ఇప్పుడే ఫినాయిలేసి కడిగా, ఆరనీ. పొద్దున్నే తీసుకెళ్ళారు ఆ పెద్దామెని. కొడుకు మీ రాయదుర్గం ఆఫీసుల్లోనే చేస్తాడంట, కాకినాడ వైపోళ్ళు. మంచోడు, మాటకి ముందు అండీ మాటకి వెనక అండీ. ఎంతో పైన అంతస్తులో కిరాయికుంటన్నారు. తల్లి దవాఖానలో పోతే ఆ ఓనరు ఫోన్లోనే చెప్పేశాడంట, ఇంట్లోకి తేవద్దని. అపార్ట్‌మెంటోళ్ళు కింద కార్లు పెట్టుకునే కాడ కూడా వద్దన్నారంట. చుట్టాలు కాకినాడ నుంచి రావాలి, కూతురు రావాలి, అందాకా ఆ తల్లిని యాడ పెట్టాలి చెప్పు? వాచ్‌మన్ ఎవరో చెప్పాడంట, లింగంపల్లి సందులో ఒక కిరస్తానీ ముసల్ది ఉంది, ఆమె పెట్టుకోనిస్తది అని. అట్టా వస్తారు. నేనేం బోర్డు కట్టలా.

ఫోన్లో పడతందా ఇదంతా? పడనీ. మీ మామయ్యకి కూడా వినిపించు, నా మొహాన చెప్తే సగం వినడు.

మీ తాతయ్య కోసమమ్మా. ఆయన ఆత్మ కోసం. నీకు ఉపదేశంలో చెప్పుంటారుగా ఉత్తరించు స్థలం గురించి. చెప్పలా? ఇప్పటి ఫాదర్లు పెద్దగా చెప్పట్లేదులే. ఫాదర్ కాడ తప్పులు ఒప్పుకుని పాపసంకీర్తనం చేస్తే పాపం పోద్ది, మరక ఉంటది. ఆ మరక పోయిందాకా ఆత్మ ఉత్తరించు స్థలంలో నిప్పుల్లో ఉండాలి, మోక్షానికి బయటే. తనకి తాను ఏమీ చేసుకోలేదు అది, కాళ్ళూ చేతులూ లేని బిడ్డ లాంటిది. మనమే చెయ్యాలి. పూజ పెట్టించాలి, జపమాల చెప్పాలి, దయగల పనులు చేసి, ప్రభువా ఇది ఫలానా ఆత్మకని ఒప్పజెప్పాలి. ఆకలైనోడికి అన్నం, దప్పికైనోడికి నీళ్ళు, గుడ్డ లేనోడికి గుడ్డ, నీడ లేనోడికి చోటు, చచ్చినోళ్ళని మట్టి చెయ్యటం. మా ఊళ్ళో ఉపదేశి గారు బెత్తం పట్టుకుని ఇవన్నీ అప్పజెప్పించుకునేవాడు. నేనెప్పుడూ ఖైదీలని చూడబోవటం మర్చిపోయి దెబ్బ తినేదాన్ని. మా చెల్లి శౌరమ్మ గడగడా చెప్పేది, దానికి నోరెక్కువ. ఏం చెప్తన్నా నేను?

ఆ, మీ తాతయ్య. చెడ్డోడు కాదమ్మా జోజయ్య. ఆ మాట ముందు చెప్పాలి. గుంటూరు నుంచి ఫ్యాక్టరీ పనికొచ్చి, ఈ రాళ్ళల్లో ఇటుక ఇటుక పేర్చి కట్టాడు ఈ ఇల్లు. అప్పుడిక్కడ ఏముందనుకున్నావు, గుట్టలు, సీతాఫలం చెట్లు. ఒక్క బస్సు. వెనక మూడు గదులేసి కిరాయికిచ్చాం. గది నాలుగొందలు, అదీ నెలాఖరుకి జర ఆగమనేవాళ్ళు. అటుపక్క టవర్లు లేస్తన్న రోజులు, పనికొచ్చినోళ్ళంతా కడపోళ్ళు, పాలమూరోళ్ళు. వాళ్ళల్లో ఓబులేసని కడప వైపాయన కరెంటు పని చేసేవాడు. పెళ్ళాం లక్షుమ్మ, స్కూలుకెళ్ళే కొడుకు శివ. మమ్మల్ని అన్నా వదినా అనేవాళ్ళు. లక్షుమ్మ ఉగ్గాని చేస్తే మీ తాతయ్యకి గిన్నెలో పెట్టి పంపించేది, ఆయనకి ఇష్టమని.

కిరాయికి దిగేటప్పుడు ఈ ఊళ్ళో ఓనర్లంతా ఒక మాట చెప్తారు. మేకులు కొట్టొద్దు, నీళ్ళు ఎక్కువ వాడొద్దు, ఇంట్లో చావొస్తే శవాన్ని లోపలికి తేవద్దు. మేకుల మాట చెప్పినట్టే చెప్తారమ్మా దీన్ని కూడా. చావొచ్చిన ఇల్లు నెలల తరబడి పాడుబెట్టాలి, కిరాయి పోద్దని వాళ్ళ భయం. అసలు మనకి మైల లేదుగా. మన శవాన్ని గుడిలోకే తీసుకెళ్ళి పీఠం ముందు పెట్టి పూజ చేస్తాం. మైల మనది కాదు గానీ, అందరూ అనే మాటేగా అని మీ తాతయ్య కూడా అనేవాడు.

ఆ వానాకాలం మా అమ్మకి బాగాలేదని నేను ఊరెళ్ళా. లక్షుమ్మకి జ్వరమొచ్చి దవాఖానలో పోయింది. ట్రాలీ ఆటోలో వేసుకుని తెచ్చాడు ఓబులేసు, వాన. గేటు కాడ మీ తాతయ్య నిలబడ్డాడు. శవం లోపలికొస్తే మిగతా రెండు గదులోళ్ళు ఖాళీ చేస్తామన్నారంట. “ఓబులేసూ, ముందే చెప్పాగా, తేవద్దని” అన్నాడంట. ఓబులేసు ఒకటే అడిగాడంట, “వాళ్ళమ్మ ఊర్నుంచి వస్తాంది అన్నా, మొగం చూసేదాకా వసారాలో పెట్టుకోనీ” అని. ఈయన గేటు తియ్యలా. అతను అట్టాగే వానలో ఆటో పక్కన నిలబడ్డాడంట, ఆ పిలకాయ తల్లి మొహం మీద ప్లాస్టిక్ కవరు అడ్డం పట్టుకుని. చాలాసేపు నిలబడి నిలబడి, ఇక శ్మశానానికి తీసుకెళ్ళిపోయాడు. లక్షుమ్మ తల్లి వచ్చేసరికి ఏముంది, బూడిద.

నేనొచ్చేసరికి ఆ గది ఖాళీ. మీ తాతయ్యే చెప్పాడు, అన్నం ముందు కూర్చుని. నేను ఆయనతో చాన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదమ్మా. ఓబులేసు కోసం ఆయన తిరిగాడు, ఆ సైట్లూ ఈ సైట్లూ. ఒకసారి కొండాపూర్ వైపు కనబడ్డాడంట. ఓబులేసు ఈయన్ని చూసి, పని సంచీ భుజాన వేసుకుని రోడ్డు దాటిపోయాడంట. అంతే.

తర్వాత ఈయనకి పక్షవాతం వచ్చింది. ఇదే గదిలో పడుకోబెట్టాం, నువ్వప్పుడు చిన్నదానివి. ఫాదర్ గారు వచ్చి పాపసంకీర్తనం విన్నారు, నుదుటికి నూనె పూసి చివరి అభ్యంగనం ఇచ్చారు. అయినా ఈయనకి ఊరట లేదు. “ఒసే ఆరోగ్యం, ఉత్తరించు స్థలంలో నాకు నిప్పుండదే. వాన ఉంటది. గేటు బయట నిలబెడతారు నన్ను” అనేవాడు. వాన పడితే చాలు, మంచం మీద నుంచి, గేటు తియ్యవే, గేటు తియ్యవే. నేను లేచి తీసేదాన్ని. తీశానయ్యా అంటే నమ్మేవాడు కాదు. అట్టాగే పోయాడు.

ఆయన్ని మట్టి చేసొచ్చిన కాన్నించి ఈ గది తలుపు వెయ్యలేదు నేను. ముందు ఒక ఒడిశా మేస్త్రీ. ఆ తర్వాత కూకట్‌పల్లిలో కిరాయికుండే ఒకాయన. తురకోళ్ళు, హిందువులు, మనోళ్ళు, నేను అడగను. ఆడమనిషైతే ఆ ఇంటాడాళ్ళు చెయ్యి కలిపితే కడిగి చీర కడతా. వాళ్ళ దీపం వాళ్ళు పెట్టుకుంటారు, వాళ్ళ ఏడుపు వాళ్ళు ఏడుస్తారు. నేను ఒక మూల కూర్చుని, ప్రభువా ఇది జోజయ్య ఆత్మకి అనుకుని నిత్యవిశ్రాంతి జపం చెప్పుకుంటా. వెనక గదులు ఖాళీగా పడున్నాయి, దెయ్యాల కొంపంటన్నారు, అందుకే మీ మామయ్య గోల. వాడి బాధ వాడిది, కాదన్ను.

ఇది చెప్పలేదు నీకు. మొన్న వానల్లో, ఒక వాచ్‌మన్ ఫోన్ చేశాడు, ఎవరో కరెంటు పని చేసే పెద్దాయన పోయాడమ్మా, కడపోళ్ళు, కిరాయిల్లు, పేరు ఓబులేసు అని. ఆటో ఎక్కి పోయా. దవాఖాన శవాల గది బయట బెంచీ మీద కూర్చున్నాడు శివ. గడ్డం వచ్చింది, మెళ్ళో ఆఫీసు బిళ్ళ. అచ్చం లక్షుమ్మ కళ్ళు. నేను ఫలానా అని చెప్పా. “నాన్నని మా ఇంటికి తీసుకురా నాయనా, ఎన్ని రోజులైనా ఉంచుకో, మీ వాళ్ళంతా వచ్చి చూసుకునేదాకా” అన్నా. చేతులు పట్టుకున్నా. అతను చేతులు విడిపించుకోలేదు, గట్టిగా మాట్లాడలేదు. “మా యమ్మను రానీయని ఇంటికి మా నాయన్ను తేను, అవ్వా. మీరు పోండి” అన్నాడు.

కోపంగా అన్నా బాగుండేదమ్మా. ఆ పిల్లోడు మర్యాదగా అన్నాడు. ఎంత ఏడుపొచ్చిందో నాకు. ఇన్నేళ్ళూ ఎవరెవర్నో పెట్టుకున్నాను గదా, పెట్టుకోవాల్సిన మనిషిని పెట్టుకోలేకపోయా.

వెళ్ళిపోలేదు. వాళ్ళ బండి వెనకే నా ఆటో, శ్మశానానికి. నలుగురు కూడా లేరు. కట్టె మీద పెట్టేముందు, కాళ్ళకి దణ్ణం పెట్టుకుంటా నాయనా అని అడిగా. శివ కొంచెం పక్కకి జరిగాడు. వంగి ఆ పాదాలు పట్టుకున్నా. చల్లగా ఉన్నాయి. ఏమన్నానంటే, అయ్యా ఓబులేసూ, నువ్విప్పుడు పోయే దారిలో మీ అన్న యాడో నిలబడుంటాడు. లోపలికి రానీయమని నువ్వు ఒక్క మాట చెప్పు. నేను ఎంత చేసినా నాది నీ మాటంత చెల్లదు. నీకు మనసైతేనే చెప్పు, లేకపోతే లేదు. అంతే అన్నా. లేవబోతే శివ నా మోచెయ్యి పట్టుకుని లేపాడు.

ఫాదర్ గారితో చెప్తే, దేవుడి దయ ఓబులేసు చేతిలో లేదమ్మా అన్నారు. చదువుకున్నాయన, నిజమే అయ్యుంటది. కానీ వానలో నిలబడింది ఫాదర్ గారు కాదుగా. ఓబులేసు చెప్పాడో లేదో నాకెట్టా తెలుస్తది. తెలీదు. తెలీకుండానే పోతానేమో నేను కూడా.

ఏడవబాక. ఇట్టా రా, నుదుటి మీద సిలువ వెయ్యనీ. చల్లగా ఉండమ్మా, నిండు నూరేళ్ళు. రేపు నువ్వూ ఆ పైన ఎక్కడో ఇల్లు కొనుక్కుంటావు, కిరాయికిస్తావు. మేకులు కొట్టొద్దని చెప్పుకో, నీళ్ళు చూసి వాడమని చెప్పుకో. ఆ మూడో మాట మాత్రం అనబాక. నా పేరున పూజలు పెట్టించకపోయినా పర్లేదు తల్లీ. ఎప్పుడన్నా నీ గుమ్మం ముందుకి అట్టా ఎవరైనా వచ్చి నిలబడితే లోపలికి రమ్మని, ఇది మా అమ్మమ్మకి అనుకో.