రెండు మార్కుల నేరం

1993 జూన్ 14న మా మానసిక చికిత్సాలయంలో సహాయ చికిత్సకురాలిగా అడుగుపెట్టి, నేడు ప్రధాన చికిత్సకురాలిగా పదవీ విరమణ చేస్తున్న, మేమంతా అక్కయ్యగారని పిలుచుకునే మా సహోద్యోగినిని అభినందిస్తూ ఈ వీడ్కోలు సంచికకు నాలుగు మాటలు రాయమన్నారు. సౌమ్యంగా రాయమని కూడా అన్నారు. ఆ రెండోది నా వల్ల కాదు.

ఆమె వచ్చిన కొత్తలో, తాము ఎందుకూ కొరగామని కుంగిపోయేవారికి, చేసే ప్రతి పనీ వంక లేకుండా ఉండాలని నలిగిపోయేవారికి మన దగ్గర ధైర్యవచనాలు తప్ప చికిత్స లేదు. పాత సామాన్ల గదిని తానే ఊడ్చుకుని, గురువారం సాయంత్రాల బృంద చికిత్సను ఆరంభించి, దశాబ్దాల పాటు ఒంటిచేత్తో నడిపిన ఘనత ఆమెది. కావాలని ఒక చిన్న తప్పు చేయించి, దాన్ని దిద్దుకోనివ్వకుండా ఇంటికి పంపడం ఆమె పద్ధతి. ఇస్త్రీ లేని చొక్కాతో ఆఫీసుకు వెళ్లమనేవారు. పై గదుల్లోని పెద్దలు ముసిముసిగా నవ్వుకునేవారు.

ఆమె శాంతమూర్తి అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ గురువారం బృందంలోని ఒక బేకరీ యజమాని సంగతి, ఆయన అనుమతితోనే చెబుతున్నాను. కూతురి పుట్టినరోజుకు తాను చేసిన కేకు ఏ ఏడూ నచ్చక పారేసి, పక్క వీధి దుకాణంలో కొనుక్కొచ్చే తండ్రి ఆయన. కిందటేడు కేకు ఒక పక్కకు ఒరిగిందని ఫోన్లో నసుగుతుంటే, "ఒరిగితే ఒరిగింది, కూలిపోలేదుగా! తీసుకెళ్లి బల్ల మీద పెట్టు, పో!" అని అక్కయ్యగారు అరిచిన అరుపు పక్కనున్న నా గదిలోకి వినపడింది. ఆయన పెట్టారు. పాప అడిగి మరీ ఇంకో ముక్క తిన్నదట.

అంత మారిన మనిషిని మా కొత్త యాజమాన్యం, ఎంత బాగుపడ్డారో పదికి మార్కులు వేసుకోమంది. ఆయన రెండు వేసుకున్నారు. బృందంలో తక్కినవారూ అంతే. తమకు తాము మంచి మార్కులు వేసుకోలేకపోవడమే వారి బాధ అన్న ఇంగితం లెక్క కట్టినవారికి లేకపోయింది. కాలు విరిగినవాణ్ణి పరుగు పందెంలో నిలబెట్టి, ఓడిపోయాడని కట్టుకట్టిన వైద్యుణ్ణి తిట్టినట్టుంది. చికిత్సకులందరిలోకీ తక్కువ ఫలితం ఆమెదేనని తేల్చి, ఇస్తామన్న ఉద్యోగ పొడిగింపు రద్దు చేసి, గురువారం బృందానికీ మంగళం పాడారు. నాకు ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది.

సంగతి తెలిసిన బేకరీ ఆయన, మేడంగారి కొంప ముంచింది తానేనని దుకాణం మూసుకుని కూర్చున్నారు. కిందటి వారం అక్కయ్యగారూ నేనూ వెళ్లి, సగం దించి ఉన్న షట్టర్ తట్టాం.

"నేను పది వేసుంటే మీ ఉద్యోగం నిలిచేది కదమ్మా," అన్నారాయన తలెత్తకుండా.

"నీకు రెండే అనిపించింది, రెండే వేశావు. బుద్ధి లేనిది అడిగినవాళ్లకి! అది సరే గానీ, ఇక్కడ కుర్చీలెన్ని ఉన్నాయి?"

"ఓ పది ఉంటాయండీ. కొన్ని ఊగుతాయి, బాగుచేయించాలి."

"ఏం బాగుచేయించక్కర్లేదు. ఈ గురువారం నుంచి అందరం ఇక్కడికే వస్తున్నాం."

ఆయన షట్టర్ పూర్తిగా పైకెత్తారు.

కనుక బావగారూ, మీ శ్రీమతి ఇక ఇంటిపట్టున ఉంటారని ఆశపడకండి. యాజమాన్యం వారికీ ఒక మనవి: గురువారం సాయంత్రాలు నా గదికి తాళం వేసి ఉంటుంది, నేను బేకరీలో ఉంటాను. అక్కయ్యగారూ, ఒంట్లో ఏ నలతా లేకుండా, ఆ గొంతు ఏమాత్రం తగ్గకుండా, మిమ్మల్ని ఈరోజు శాలువా కప్పి సాగనంపుతున్న పెద్దలందరికంటే ఎక్కువ కాలం మీరు జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.