ఇంటి వద్దనే ఉన్నాను

ఏందమ్మా శ్రీరమ్యా, ఎండలో నిలబడ్డావేంది? ఇట్టా పాకలోకి రా. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకో, ఈ ఎండుమిరపకాయల ఘాటు అలవాటు లేనోళ్ళని బతకనియ్యదు. మా అల్లుడు కౌలుకి వేశాడులే, కల్లం దగ్గర నన్ను కాపలా పెట్టి వాడు గుంటూరు యార్డుకి పోయాడు. ఏదీ, ఆ ఫోన్లో ఉన్నది మళ్ళీ చదువు. 'జీపు డ్రైవరు షేక్ మీరావలి.' హహ్! నా పేరేనమ్మా. ఇన్నేళ్ళకి సర్కారువాళ్ళ బీరువాలో నుంచి నా పేరు బయటపడింది, చూశావా! ఒంగోల్లో పాత రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే ఉద్యోగంలో చేరావని విన్నా గానీ, ఎక్కించగా ఎక్కించగా మీ తాత చెంచయ్యగారి డైరీయే నీ చేతికి రావాలా? పంచాయతీ సమితి ప్రెసిడెంటంటే ఇప్పటి మండలాధ్యక్షుడు అనుకో, హోదా ఇంకా పెద్దది. ఆయన ఏ రోజు ఏ ఊరు పోయాడు, ఎవరితో మాట్లాడాడు, అంతా రాసి నెలనెలా పైకి పంపాలి. అది రూలు. ఇప్పుడు నీ సందేహం ఏందంటే, డైరీలో 'ఇంటి వద్దనే ఉన్నాను' అని ఉన్న రోజునే, నా జీపు పుస్తకంలో ఆయన్ని ఎక్కించుకుని బోడిమెట్ట పోయినట్టుంది. ఏది అబద్ధం తాతా అంటావు. అబద్ధం ఏదీ లేదమ్మా. రెండూ నిజమే. అందుకే గదా ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనకుండా ఉన్నా.

మీ తాత చెడ్డమనిషి కాదు, ముందే చెప్తున్నా, కోపం తెచ్చుకోమాక. బద్ధకం మనిషి. మధ్యాహ్నం గోంగూర పప్పు, మీద మజ్జిగ పోసుకుని తిన్నాడంటే వరండాలో నులకమంచం ఎక్కేవాడు. ఆ గురక వీధి చివరికి వినపడేది. సాయంత్రం దాకా కలెక్టరొచ్చినా లేపడానికి వీల్లేదు. ఇక జీపెక్కడికి కదులుద్ది? షెడ్డులో ముందు సీటు మీద మా కోడిపెట్ట గుడ్లు పెట్టి పొదిగింది, ఒట్టు. ఆయన భయం ఆయనకీ ఉంది. దర్శి అవతల మెట్టపొలాల్లో బోడిమెట్ట అని చిన్న పాలెం. అందరూ కూలీనాలీ చేసుకునే క్రైస్తవులు. అక్కడి బావినీళ్ళు విషం. పిల్లలకి పళ్ళు గారపట్టి, పెద్దోళ్ళకి మోకాళ్ళు వంకర్లు పోయేవి. ఓట్లప్పుడు రోడ్డు మీద జీపులోనే నిలబడి, 'మీకు బోరు వేయించే పూచీ నాది' అన్నాడు. పాలెంలోకి దిగలా. దిగడు. ఆ రోజుల్లో పెద్దకులమోళ్ళు అట్టాగే ఉండేవాళ్ళు, ఇప్పుడు మాత్రం ఏం తక్కువలే. గెలిచాక ఆ దిక్కు పోవాలంటే ఆయనకి మొహం చెల్లలా.

మరి డైరీ ఎట్టా నిండాలి? అందుకు బాలస్వామి ఉన్నాడు. సమితి గుమాస్తా. బక్కపల్చటి మనిషి, మాట పైకి రాదు గానీ, కలం పడితే ముత్యాలు పేర్చినట్టు రాసేవాడు. ఆయన పద్ధతేందంటే, ఒకటో తారీఖునే కూర్చుని నెలాఖరు దాకా మొత్తం రాసిపారేసేవాడు. జరిగిపోయినట్టే! 'ఈ రోజు ఉదయం అల్పాహారము స్వీకరించి ఫలానా గ్రామమునకు బయలుదేరడమైనది. ప్రజల కష్టసుఖములు విచారించడమైనది.' అట్టా. మీ తాత ఒక్క ఊపులో అన్నిటికిందా సంతకాలు గీకి, 'బాలస్వామీ, ఈ నెల బాగా తిరిగామురోయ్' అనేవాడు. నవ్వుకునేవాళ్ళం. నవ్వేమన్నా ఊరికే పోద్దా తల్లీ.

ఉప్పెనకి ముందేడు అది. దివిసీమ ఉప్పెన, పుస్తకాల్లో చదువుకునే ఉంటావు. ఒక పూట నేను జీపు తుడుస్తన్నా, బోడిమెట్ట నుంచి నలుగురు మనుషులొచ్చారు, సీతాఫలాల గంప పట్టుకుని. ముందు ఇమ్మానియేలు, వాళ్ళ పెద్ద. 'అయ్యా, నిన్న తమరు చెప్పినట్టే ఆ తుమ్మచెట్ల పక్క జాగా బాగు చేశాం. బోరు బండి ఎప్పుడు పంపిస్తారు?' అన్నాడు. మీ తాత మంచం మీద లేచి కూర్చుని, 'నిన్న నేనెక్కడికి వచ్చానురా?' అన్నాడు. 'అదేందయ్యా! మిట్టమధ్యాహ్నం ఒక్కరే నడిచొచ్చి, మాతోపాటు నేల మీద కూర్చుంటిరి గదా!' ఎగతాళి చేసే మొహాలు కావమ్మా అవి. వాళ్ళు పోయాక బాలస్వామి పుస్తకం తీసి చూశాడు. నిన్నటి తారీఖు కింద బోడిమెట్టే ఉంది. మీ తాత పగలబడి నవ్వి, 'చూశారట్రా, రాస్తే చాలు, జనమే నమ్ముకుంటారు' అన్నాడు. నేనూ అంతే అనుకున్నా. ఆ తర్వాత ఇంకో ఊరోళ్ళు, మళ్ళీ ఇంకో ఊరోళ్ళు. ఏ ఊరు రాస్తే ఆ ఊరి నుంచి దణ్ణాలు పెట్టుకుంటా వచ్చేవాళ్ళు. ఈయనేమో కూర్చున్న చోటనే పేరొస్తందని మీసం దువ్వుకునేవాడు.

ఆ సంబరం రెబ్కా వచ్చిందాకే. రెబ్కా ఇమ్మానియేలు పెళ్ళాం. పెద్ద నోరు, మంచి మనిషి, పక్షవాతం వచ్చి పోయింది పాపం, సరే అదట్టా ఉంచు. ఆస్పత్రి పనిమీద వచ్చి, దొడ్లో నిలబడి మీ నానమ్మ సుబ్బరావమ్మగారితో అంటంది, 'ఎంత మంచి దొరమ్మా నీ మొగుడు! మా ఇంట్లో నీళ్ళడిగి తాగాడు. చెంబు తనే కడిగి బోర్లించి పోయాడు.' మంచం మీద ఈయనకి వినపడింది. మొహం మాడిపోయింది. ఆమె అటు పోగానే బాలస్వామిని పిలిపించి, 'ఏరా, నన్ను పాలెంలో నీళ్ళు తాగిస్తావా?' అని మీదమీదకి పోయాడు. బాలస్వామి, 'అయ్యా, గ్రామమును సందర్శించడమైనది అని మాత్రమే రాశానండి. నీళ్ళు తాగినట్టు నేను రాయలేదండి' అన్నాడు. పుస్తకం తీసి చూపించాడు. నిజమే, లేదు. మరెవరు తాగారు? ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

అప్పుడు చేశాడమ్మా మీ తాత తెలివితక్కువ పని. 'వాణ్ణి ఊళ్ళమీద తిప్పమాక బాలస్వామీ. రేపటి కాగితం చించి కొత్తది రాయి. ఇంటి వద్దనే ఉన్నాను, ఒంట్లో నలతగా ఉన్నందున విశ్రాంతి తీసుకోవడమైనది, అని రాయి. వాడట్టా కదలకుండా పడుంటాడు, నేను పోయి నా మొహం వాళ్ళకి చూపించొస్తా' అన్నాడు. బాలస్వామి కలం పట్టుకుని చాలాసేపు రాయలా. మెల్లిగా, 'ఎవరింటి వద్దండీ?' అని అడిగాడు. 'ఎవరింటి వద్దేందిరా వెధవా, నా ఇంటి వద్దే!' అని కసిరాడు. రాశాడు. సంతకం పడింది.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. దారి పొడుగునా పత్తిచేలే. బోడిమెట్టలో జనం చుట్టూ చేరి, 'ఇవాళ జీపులో వచ్చారేందయ్యా, ఎప్పుడూ గట్టు మీద నడిచొస్తారుగా' అన్నారు. రెబ్కా నీళ్ళు తెచ్చింది. ఈయన చెంబు వైపు చూసి, చేతులు వెనక్కి పెట్టుకుని, వద్దన్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. 'నువ్వు ఆయన కాదు' అంది, అందరి ముందూ. ఒక ఆడమనిషి మీ తాతని అట్టా అంటే ఆయన ఊరుకోవడం నేను చూసింది అదే మొదలు. జీపెక్కి, 'ఇంటికి పోనీయ్' అన్నాడు, అంతే.

ఇంటికొచ్చేసరికి ఎండ నడినెత్తి మీదుంది. గేటు లోపల గొళ్ళెం పెట్టి ఉంది. వరండాలో మంచం మీద తెల్లపంచె కట్టుకుని ఒకాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గురక లేదు. అసలు ఏ చప్పుడూ లేదు. హారన్ కొట్టా. సుబ్బరావమ్మగారు కొంగుతో చేతులు తుడుచుకుంటా వచ్చి, 'ఎవరండీ? ఆయనకి ఒంట్లో బాగోలేదు, పడుకున్నారు. సాయంత్రం రండి' అన్నారు. 'ఒసేయ్, నేనే!' అన్నాడు మీ తాత. ఆమె గేటు దాకా వచ్చి ఆయన మొహంలోకి చూశారు. ఏదో ఒక చూపు కాదమ్మా, నిదానంగా, మొత్తం చూశారు. చూసి, నావైపు తిరిగి, 'మీరావలీ, ఈయన్ని ఎక్కడ నుంచి తీసుకొచ్చావో అక్కడ దించేసి రా' అన్నారు. అప్పుడు మంచం మీదాయన ఇటు తిరిగాడు. చెంచయ్యగారే. ఆ మీసమే, ఆ నుదుటి మీద పుట్టుమచ్చే. నా పక్కన నిలబడ్డాయన చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. ఆ మంచం మీదాయనకి అంత ఎండలో చెమట బొట్టు లేదు.

గేటు తోసుకుని పోవచ్చుగా, అరిచి గోల చెయ్యొచ్చుగా అంటావు. గేటు మీద చెయ్యి వేశాడమ్మా. వేసి, మళ్ళీ తీసేశాడు. 'ఆమె చూసి కూడా అన్నదిరా మీరావలీ' అన్నాడు. కాసేపటికి, 'దప్పికగా ఉంది, బోడిమెట్ట పోనీయ్' అన్నాడు. తీసుకుపోయా. రెబ్కా చెంబు తెచ్చిస్తే గటగటా తాగి, అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. ఇక రాలేదాయన. మిరపకోతలకి కూలికి పోయాడు, వాళ్ళ గంజే తాగాడు, బోరు పడటానికి ఏళ్ళు పట్టింది, ఈలోగా ఆ పాడునీళ్ళకి మోకాళ్ళు వంగాయి. నేను పండగకీ పబ్బానికీ ఒక చొక్కా పట్టుకుపోతే, 'వాడేం చేస్తన్నాడు?' అని అడిగేవాడు. పోయాక ఇమ్మానియేలు ప్రార్థన చేసి పాలెం వెనక పూడ్చారు. నేను పక్కన నిలబడి దువా చేసుకున్నా.

ఇంట్లో ఆయనా? ఆయన దగ్గరే డ్యూటీ చేశా, నాకు పెళ్ళాం పిల్లలున్నారుగా. మంచోడమ్మా. అదే నా భయం. బోడిమెట్టకి బోరు వేయించాడు, ఎక్కడో దూరాన మంచినీళ్ళు పడేచోట. రోడ్లు వేయించాడు. ఒకరిని కసరడు, మధ్యాహ్నం పడుకోడు. కాకపోతే మాట... 'మీరావలీ, భోజనము చేయడమైనదా?' అనేవాడు. కాగితం మాట. రాసేది కూడా అచ్చం బాలస్వామి రాతే, అక్షరం పొల్లుపోదు. బాలస్వామి అది చూసి ఉద్యోగం వదిలేసి వేటపాలెం పోయి జీడిపప్పు కంపెనీలో చేరాడు, మళ్ళీ కలం పట్టలేదంట, మూటలు మోశాడంట. ఒకసారి ఉండబట్టలేక మీ నానమ్మని అడిగా. 'గుర్తుపట్టలేదనుకున్నావట్రా? పట్టాను. పెళ్ళయిన కాడినుంచి ఒసేయ్, ఏమేవ్ అని విన్నా. పిల్లాజెల్లా లేని గొడ్రాలివని విన్నా. ఆ పొద్దున ఈయన నన్ను సుబ్బరావమ్మా అని పేరు పెట్టి పిలిచాడు. ఇంకేమీ అడగమాక' అన్నారు.

ఆ ఇంట్లో ఆయన పోయినప్పుడు ఊరు ఊరంతా కదిలింది. దహనమైన మూడోనాడు అస్థికలు ఏరడానికి పోయినోళ్ళు వెతికి వెతికి ఉత్త చేతులతో వచ్చారు. ఒక్క ఎముక లేదంట. చూద్దామని నేనూ పోయా. కాగితాలు కాలిస్తే మిగుల్తదే, నల్లగా, పొరలు పొరలుగా, ముట్టుకుంటే పొడైపోయేది, అదే ఉంది అంతా. గాలొస్తే లేచిపోయింది.

ఏందమ్మా, ఏమంటన్నావు? మీ నాన్నా? మీ నాన్న పుట్టింది... ఉప్పెన వచ్చిన ఏడు. ఔను, ఆ మరుసటేడే. లేకలేక పుట్టాడని ఊరందరికీ బెల్లం పంచారు, నేనే... ఏంది, ఆ చెయ్యి ఎందుకట్టా నొక్కి చూసుకుంటన్నావు? ఎముకేనమ్మా. గట్టిగానే ఉంటది, ఉండక ఎక్కడికి పోద్ది, పిచ్చితల్లీ... లే, లే. పడమర మబ్బు పట్టింది. కాయల మీద కప్పే ఆ పట్టా అంచు అట్టా పట్టుకో, చినుకు పడిందంటే కాయలన్నీ తెల్లబడి తాలైపోతాయి.