గెరాటీ గోనెపట్టా

ఏంటబ్బాయ్, ఇటికల సందుల్లో నువ్వు పెట్టిన గీత మళ్లీ రాలిపోయిందా? నాకు తెలుసులే, పొద్దున మెట్లెక్కుతుంటే కాళ్ల కింద తెల్ల సున్నం పెచ్చులే. కూచో, టీ తాగు. కుదరకపోతే సోమవారం గోడంతా సిమెంటు పూసేస్తానన్నాడా మీ ఇంజినీరు? పూస్తాడు, చూద్దాం. నీ తప్పేం లేదు, ఈ పని తెలిసిన బార్నీ గెరాటీ పోయి యాభై ఏళ్లయింది. డబ్లిన్ మొత్తానికీ ఆయనే ఆఖరు. ఈ వరసలో పదకొండిళ్లూ దొరల కోసం కట్టినవి కదా, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, కింద పొడుగు కిటికీలు, పైకెళ్లే కొద్దీ పొట్టివి. ఇటికలు మాత్రం వంకరటింకరవి. అయినా వీధిలోంచి చూస్తే కత్తితో కోసినట్టుంటాయి, ఎందుకు? సందుల్లో దారప్పోగంత తెల్ల గీత ఉంది కాబట్టి. తర్వాత దొరలు పోయారు, గదికో కుటుంబం చొప్పున మేం దిగాం. ఈ ఒక్క ఇంట్లో డెబ్భై మందిమి, పెరట్లో ఒకటే కుళాయి. ఒక చలికాలం మా మామగారు మెట్ల పక్కన చెక్క కటకటాలు ఊడబీకి పొయ్యిలో పెట్టాడు, మా అత్త నెల్లాళ్లు మాట్లాడలా... ఏం చెప్తున్నా? ఆఁ, బార్నీ.

పరంజా కట్టగానే ఆయన ముందు చేసేది చుట్టూ గోనెపట్టా దించడం. పని ఎవడి కంటా పడకూడదు. ఈ పనోళ్లంతా అంతే, కొడుక్కి తప్ప చెప్పరు. ఆయనకేమో ఇద్దరూ కూతుళ్లే. కింద నించి తాపీవాళ్లు, "ఏం గెరాటీ, లోపల స్నానం చేస్తున్నావా?" అని అరిచేవాళ్లు. "ఈ విద్య నాతోనే సమాధిలోకి పోద్దిరా, శవపెట్టె మోయడానికి రండి," అనేవాడు. అన్నంత పనీ చేశాడు.

కానీ గోనె వీధికి అడ్డం గానీ నా కిటికీకి కాదుగా. ఆయన ఈ ఇంటి గోడ చేసిన ఎండాకాలం నాకు కాలు విరిగి, మూడో అంతస్తులో కిటికీ పక్కనే ఆరు వారాలు మంచం. ఆయన సామాన్లు నా కిటికీ గట్టు మీదే. నన్ను కుర్చీతో సమానంగా చూసేవాడు, వీపు అడ్డం పెట్టుకుని పని చేసేవాడు. ఆఖరి రోజు మాత్రం పక్కకి జరిగాడు. గట్టు పక్కన నాలుగు ఇటిక వరసలు, నాకు కనబడేట్టు, నెమ్మదిగా చేశాడు. నా వైపు చూళ్లేదు. కావాలనే చేశాడు నాయనా, నాకు తెలుసు. మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అంటావా? నన్నెవరడిగారు?

నువ్వు ముందు ఎర్ర సున్నం పూసి పైన తెల్ల గీత పెడుతున్నావ్, అదెందుకు నిలబడుద్ది? ముందు తెల్ల సున్నం. సందు లోపలిదాకా కూరి, కాస్త ఉబ్బేట్టు వదిలెయ్. అది బిగిశాక రెండు పక్కలా ఇటిక రంగు సున్నం పూసి, తెల్లదాని అంచులు కత్తితో కొయ్యి. తెల్లది గియ్యరు, మిగులుస్తారు. రాసుకోకు, చేసి చూపిస్తా. నా చేతికర్ర ఇటివ్వు. అవునూ, పరంజాకి ఆ నీలం పరదా ఎవరు కట్టమన్నారు? విప్పెయ్.