బడిగోడ మీది జయరావు

అదెట్టమ్మా కుదురుతాది? ఆ బడిగోడ మీద పుస్తకం పట్టుకున్న సిమెంటు పిల్లోడు ఈ జయరావేనని అరవై ఏండ్లుగా సత్యవేడంతా చెప్పుకుంటాంటే, నువ్వు నిన్నొచ్చి కాదంటే ఎట్ట?

సూడు కోమలీ, పాత బడుల మీద పుస్తకం రాస్తాండావు, సంతోషం. ఈ బడికి ప్లాను గీసినాయన ఇంటికి మద్రాసు దాకా పోయి, పాత కాగితాల పెట్టంతా వెతికినావు, అదీ సంతోషమే. అందులో దొరికిన ఆ పెన్సిలు బొమ్మ నాకెందుకు సూపించినావు తల్లీ?

పిల్లోడి కింద మునస్వామి అని రాసుండాది. పైన జాలీ పట్టుకోని ఏలాడే కోతి కింద జయరావంట!

ఆఁ, నవ్వు. బాగా నవ్వుకో.

ప్లాను గీసినాయనకు గాలి పిచ్చి. గోడ నిండా బొక్కలు పెట్టి జాలీ కట్టించినాడు. బొమ్మలు చేసే ఆయనకేమో ఖాళీ గోడ కావల్ల. ఇద్దరూ మా పిలకాయల ముందరే అరుసుకోని అరుసుకోని, కడాకు జాలీ కింద పిల్లోడు, జాలీ మీద కోతి అని రాజీ పడినారు. మూడో తరగతిలోంచి నన్నూ మునస్వామినీ పిలిపించినారు.

ఏం చేయమన్నారంటావా? వాడి చేతికి పుస్తకమిచ్చి కూర్చోబెట్టినారు. నన్ను... జాలీ పట్టుకోని ఏలాడమన్నారు. రవంత గోక్కోమన్నారు కూడా. సిన్నపిల్లోణ్ణి, నాకేం తెలుసు? మొగం బాగా కనపడాలని అట్ట చేయమంటాండారేమో అనుకుంటి!

రేపు ఆ బొమ్మల కింద బోర్డు తెరిచేది నేనే గదా! శ్రీసిటీలో పని చేసే నా కోడలు లీవు పెట్టింది. మనవరాలు నా మీద పాట కట్టింది. ఆ మునస్వామి ముందర వరసలోనే కూర్చుంటాడు. ఇన్నేండ్లూ ఒక్క మాట అనలా వాడు. లోపల్లోపల నవ్వుకుంటాండినాడేమో, దొంగసచ్చినోడు!

బోర్డు రాయించేది నువ్వే గదా. రెండు పేర్లూ అటూ ఇటూ మారిస్తే? ఎవురికి తెలుస్తాది? ...సరే సరే, మొగం అట్ట పెట్టుకోవద్దు.

ఒక మాట చెప్పమ్మా. వానలకు ఆ పిల్లోడి ముక్కు రాలిపాయ. మరి కోతికి? ఒక్క పెచ్చు కూడా ఊడలేదా? నిజంగానా?

నీకు మాత్రమే చెప్తాండా. ఆ కోతిని సూస్తే నాకు సిన్నప్పుడే అద్దంలో సూసుకున్నట్టుండేది. ఎవురూ అడగలా, నేను చెప్పలా.

పో, కోతి కింద జయరావనే రాయించు. తోక మాత్రం నాది కాదని కింద ఒక ముక్క ఎయ్యి తల్లీ.